ఆ కుక్క మాదే: కాలనీ సంక్షేమ సంఘానికి ఒక బహిరంగ లేఖ

కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ముఖ్యంగా మూడో గల్లీ, నాలుగో గల్లీ ఇరుగుపొరుగుకు నమస్కారం.

పార్కు పక్కన నోటీసు బోర్డు మీద పోయిన ఆదివారం మీరు అంటించిన కాగితం చదివాను. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెట్టబోయే తీర్మానం అది. "కొన్ని ఇళ్ళ పెరళ్ళలో కుక్కలు రాత్రింబవళ్ళు మొరుగుతూ కాలనీవాసులకు తీవ్ర అసౌకర్యం కలిగిస్తున్నాయి" అని మొదలవుతుంది. ఏ ఇళ్ళో రాయలేదు. ఆ మర్యాదకు సంతోషం. కానీ మన వనస్థలిపురం గల్లీల్లో ఎవరింట్లో ఏ కూర పొయ్యి మీదుందో వాసన బట్టి చెప్పేవాళ్ళున్నారు, కుక్క సంగతి దాగుతుందా? ఆ కొన్ని ఇళ్ళలో మొదటిది మాది. ఆ కుక్క మాదే. పేరు కాటుక.

తీర్మానంలో మూడు సంగతులున్నాయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా పెంపుడు కుక్కల మూతికి బుట్ట కట్టాలి. ఒక కుక్క మీద మూడు ఫిర్యాదులు వస్తే దాన్ని కాలనీ బయటికి పంపేయాలి. ఇకమీదట కుక్క ఉన్నవాళ్ళకు ఇల్లు కిరాయికి ఇవ్వకూడదు. మూడింటికీ నా ఓటు 'వద్దు' అనే. అయితే ఫిర్యాదు తప్పని మాత్రం అనను. నా కుక్క నెలల తరబడి మొరిగింది, ఒక పెద్దాయనకు నిద్ర లేకుండా చేసింది, ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎందుకు ఆలస్యమైందో, తెలిశాక ఏం చేశామో చెప్తేగానీ నా అభ్యంతరం మీకు అర్థం కాదు. అందుకే ఉత్తరం కొంచెం పొడుగైంది. ఓపిక పట్టండి.

మా ఇల్లు మీరంతా చూసినదే. రెండొందల గజాల జాగా. ముందర కారు పట్టేంత చోటు, వెనక ఐదడుగుల సందు. దాన్నే మేము పెరడు అంటాం. ఒక కరివేపాకు చెట్టు, బట్టలుతికే బండ, సంపు మోటారు, మూలకు ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో కాటుక. మెడకు గొలుసు, గొలుసు రెండో కొస కిటికీ ఊచకు. నేను, మా ఆయన పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసులకు పోతే మళ్ళీ రాత్రి ఏడుకే గేటు తీసేది. మా పిల్లగాడి పోరు పడలేక మూడేళ్ళ కింద ఆటోనగర్ రోడ్డు పక్కన దొరికిన కుక్కపిల్లను ఇంటికి తెచ్చాం. వాడు ఇంటర్ చదువుకు హాస్టల్‌కు పోయాడు. కుక్క మాకు మిగిలింది. మన కాలనీలో చాలా పెరళ్ళలోని కుక్కలకు ఇదే చరిత్ర, కాకపోతే కొన్నింటికి జాతి పేరుంటుంది, కొన్న ధర ఉంటుంది.

మా పెరటి గోడకు అవతల, నాలుగో గల్లీలో, లెక్కల సారు ఉంటారు. రిటైరై పదేళ్ళు దాటింది. గుండెకు ఆపరేషన్ అయింది. ఆయన పడుకునే గది మొదటి అంతస్తులో, కిటికీ సరిగ్గా మా షెడ్డు వైపు. ఆయన ఏనాడూ గోడ మీది నుంచి అరవలేదు. ఉగాది వెళ్ళిన వారానికి పాల దుకాణం దగ్గర కనబడి, "అమ్మా, మీ కాటుక రాత్రి 1:40కి మొదలుపెట్టి 3:10కి ఆపింది. నడుమ ఒక నాలుగు నిమిషాలు ఊకుంది" అన్నారు. హాజరు పట్టీ చదివినట్టు చెప్పారు, గొంతులో కోపం లేదు. "అయ్యో, చూస్తాం సారూ" అని నేను తప్పించుకోబోయాను. ఆయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి చేతిలో పెట్టారు. నలభై రోజుల లెక్క. తారీఖు, మొదలైన టైము, ఆగిన టైము, పక్కన 'బొంగురు' అనో 'సన్నం' అనో ఒక్క మాట.

ఇంటికొచ్చి ఆ పుస్తకం తిరగేస్తుంటే నాకు చెమటలు పట్టాయి. రాత్రి లెక్కలు కొంత తెలిసినవే. నన్ను కూలబడేసినవి పగటి లెక్కలు. 9:05 నుంచి 9:50. 11:20 నుంచి 12:40. మళ్ళీ మధ్యాహ్నం మూడున్నరకు. మేము ఇంట్లో లేని గంటల్లో మా కుక్క రోజుకు రెండు మూడు గంటలు మొరుగుతోంది. సాయంత్రం మేము వచ్చేసరికి తోక ఊపుతూ నిలబడేది. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసేవాళ్ళం.

కుక్కలున్న ఇళ్ళవాళ్ళు దయచేసి ఈ ఒక్క ముక్క వినండి. మన కుక్క మొరుగుడులో సగానికి పైగా మన చెవిన పడదు. పగలు మనం ఉండం. రాత్రి తలుపులు బిగించుకుని, కూలరు హోరులో పడుకుంటాం. పడుకునే గది ఇంటి ముందర, కుక్క వెనక. మన వెనక ఎవరి ముందరుందో ఆలోచించం. "మా కుక్క అసలు మొరగదండీ" అని ఒట్టు పెట్టేవాళ్ళు అబద్ధమాడడం లేదు, వాళ్ళకు నిజంగా తెలియదు. అందుకే ఎవరైనా వచ్చి చెప్తే ఒంటికాలి మీద లేస్తారు. పాల దుకాణం దగ్గర నేనూ లోలోపల లేచాను, పైకి కనబడనివ్వలేదంతే.

సారు లెక్కల మనిషి కాబట్టి ఇంకో లెక్క కూడా చెప్పారు. కుక్క మొరుగుడు దగ్గర నుంచి వింటే 80, 90 డెసిబెల్స్ ఉండటం మామూలే. (2012లో ఆస్ట్రేలియాలో ఒక గోల్డెన్ రిట్రీవర్ 113.1 డెసిబెల్స్ మొరిగి గిన్నిస్ రికార్డు కొట్టింది. ఆ ఇంటి పక్కవాళ్ళను ఎవరైనా పలకరించారో లేదో.) ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ దిగుతుంది. మా షెడ్డుకు, సారు కిటికీకి నడుమ 16 అడుగులు. మీటరు దూరంలో 90 ఉన్నది ఆ కిటికీ దగ్గరికి చేరేసరికి, ఏ అడ్డూ లేని మైదానంలో అయితే, 76 దగ్గరికి దిగాలి. కానీ మన ఇళ్ళ వెనక సందులు మైదానాలు కావు. ఇటు సిమెంటు గోడ, అటు సిమెంటు గోడ, నడుమ ఇరుకు. శబ్దం ఈ గోడకు కొట్టుకుని ఆ గోడకు, అక్కడి నుంచి పైకి. దాని మీద మా రేకుల షెడ్డు ఒకటి, డప్పు లాగా.

కేంద్ర ప్రభుత్వం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. రాత్రి అంటే 10 నుంచి 6. అవి ప్రాంతం మొత్తానికి, కొంతసేపటి సగటు మీద పెట్టిన ప్రమాణాలు, ఒక్కో కుక్కకు చలానా రాయడానికి పెట్టినవి కావు. అయినా 45 ఎక్కడ, 76 ఎక్కడ. ప్రతి 10 డెసిబెల్స్‌కు మన చెవికి శబ్దం దాదాపు రెట్టింపు అనిపిస్తుంది. అంటే మూడు రెట్టింపులు, ఎనిమిదింతలు. గుండె ఆపరేషన్ అయిన మనిషికి, రాత్రి ఒంటిగంటన్నరకు.

ప్రహరీ గోడ ఎత్తు పెంచమని మా గల్లీలో ఒకరు సలహా ఇచ్చారు. గోడ పనికొస్తుంది, కానీ ఎప్పుడంటే శబ్దం పుట్టేచోటుకూ వినే చెవికీ నడుమ చూపు తెగినప్పుడు. కింద కూర్చుని ఉంటే మా ఐదడుగుల గోడ సారుకు కొంత సాయపడేది. ఆయన పై అంతస్తులో ఉన్నారు. ఆ చూపు తెగాలంటే గోడ రెండంతస్తుల ఎత్తు లేవాలి. వెదురు తడికలు, గ్రీన్ నెట్, తీగచెట్లు కంటికి బాగుంటాయి గానీ శబ్దానికి బరువున్న, సందుల్లేని అడ్డు కావాలి. ఆకుల్లోంచి గాలి పోయినట్టే మొరుగుడూ పోతుంది.

మరి ఏం చేశాం? మొదట అందరూ చేసేదే చేశాం. అరిచాం. "ఏయ్ కాటుకా, నోరుముయ్" అని కిటికీలోంచి నేను, మేడమీంచి మా ఆయన. కుక్కకు మన తిట్లు అర్థం కావు. తను మొరిగింది, ఇంటిల్లిపాదీ తనతో గొంతు కలిపారు, అంటే బయట ఏదో నిజంగానే ఉంది: దానికి తెలిసింది ఇంతే. ఇంకా గట్టిగా అందుకుంది. ఆ రాత్రి సారు పుస్తకంలో మా ఇద్దరి గొంతులు కూడా నమోదయ్యాయని తరవాత చూశాను. తర్వాత ఆన్‌లైన్‌లో పద్నాలుగు వందలు పెట్టి ఒక డబ్బా తెప్పించాం. కుక్క మొరిగితే అది మనకు వినపడని శబ్దం చేస్తుందట. మన చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి 45,000 దాకా వింటుంది, ఆ కిటుకు మీద పనిచేసే యంత్రం. రెండు రోజులు కాటుక బిత్తరపోయి ఊరుకుంది. మూడో రోజు ఆ డబ్బాను చూసి మొరగడం మొదలుపెట్టింది.

దారి చూపింది నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలలో డాక్టరమ్మ, ఇంకా నిజం చెప్పాలంటే సారు పుస్తకంలోని 'బొంగురు', 'సన్నం'. చెవిలో చీము, ఒంట్లో నొప్పి లాంటివేవీ లేవని చూశాక ఆవిడ ఆ పుస్తకం అడిగి తీసుకుని పావుగంట చదివారు. ఎవరైనా వస్తున్నారని మొరిగేటప్పుడు కుక్క గొంతు బొంగురుగా, గబగబా, వరసగా వస్తుంది. ఒంటరిగా వదిలేస్తే సన్నగా, ఒక్కొక్కటిగా, ఆగి ఆగి వస్తుంది. రెండూ మొరుగుడే, రెండు రోగాలు. రాత్రివి ఎక్కువ బొంగురు, పగటివి దాదాపు అన్నీ సన్నం. సారు ఏ శాస్త్రమూ చదవకుండానే నలభై ఏళ్ళు క్లాసులో వెనక బెంచీ గొంతులు పోల్చిన చెవితో విడదీసి పెట్టారు.

పగటి సన్నం సంగతి సులువుగా అర్థమైంది, మనసుకు మాత్రం కష్టమైంది. పదిన్నర గంటలు నాలుగడుగుల గొలుసుకు కట్టేసిన ప్రాణి ఏం చేస్తుంది? తిరగదు, వాసన చూడదు, ఎవరితో ఆడదు. మొరగడం ఒక్కటే దానికి మిగిలిన పని. తోడేళ్ళు పెద్దయ్యాక పెద్దగా మొరగవంటారు. మొరగడం అనేది మన పక్కన బతుకుతూ కుక్క పెంచుకున్న విద్య, మనకు వినపడాలని. వినేవాళ్ళు లేని పెరట్లో అది ఎవరికి చెప్పుకుంటున్నట్టు? సారుకు.

గొలుసు తీసేశాం. పొద్దున 5:30కి నలభై నిమిషాలు నడక. దాన్ని గుంజుకుంటూ పరుగులు పెట్టించడం ఎందుకు, ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగి వాసన చూడనివ్వండి, దాని బుర్రకు అదే పేపరు చదవడం అన్నారు డాక్టరమ్మ. నలభై నిమిషాల్లో మేము నడిచేది మూడు గల్లీలే. కుక్క అలసిపోయినంత నేను ఏ జిమ్‌లోనూ అలసిపోలేదు. పొద్దున పెట్టే తిండి గిన్నెలో పెట్టడం మానేసి, జొన్నరొట్టె ముక్కలు పాత తువ్వాలలో చుట్టి ముడివేసి ఇస్తున్నాం. విప్పుకుని తినేసరికి అరగంట, తర్వాత నిద్ర. మధ్యాహ్నం ఇంట్లో పనిచేసే అక్క వచ్చేటప్పుడు పావుగంట దానితో ఉండేందుకు నెలకు కొంత ఎక్కువిస్తున్నాం. ఇన్నాళ్ళూ నేను కుక్క ఖర్చు అంటే తిండి, టీకాలు అనుకున్నా. ఆ పావుగంట కూడా ఖర్చే, ఇంతకాలం దాన్ని సారు నిద్రతో కడుతూ వచ్చాం.

రాత్రి బొంగురుకు ఒక్కో టైము ఒక్కో కారణం. 11 దాటాక అంటే మూలమీది చికెన్ సెంటర్ కట్టేసే వేళ, అక్కడి తోళ్ళకూ పేగులకూ వీధికుక్కలు కొట్లాడుకునేది అప్పుడే. 1:30, 2 మధ్య గోడమీద పిల్లి. 4:40కి పాలబండి, ఐదుకు పేపరు. హరిణ వనస్థలి వైపు నుంచి నెమళ్ళు కూసినా మొదలుపెట్టేది. ఒకప్పుడు నిజాములు వేటాడిన అడవి పక్కన ఇళ్ళు కట్టుకున్నాం, ఆ మాత్రం తప్పదు. వీటన్నింటికీ ఒకటే మందు పనిచేసింది: కుక్క రాత్రి ఇంట్లో పడుకోవడం. పిల్లి కనబడదు, గోడ అడ్డం, సారు కిటికీకి మా గోడలూ తలుపులూ అడ్డం. పైగా మనుషుల పక్కన పడుకున్న కుక్కకు కాపలా డ్యూటీ దిగినట్టుంటుంది. మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు. దేవుడి గది ఉన్న ఇంట్లో కుక్కేంది అన్నారు. వంటింటి వెనక వరండాకు తలుపు పెట్టించి అక్కడ గోనెసంచి వేశాం. ఆమె మాట కొంత, కుక్క మాట కొంత నెగ్గాయి. మొదటి నాలుగు రాత్రులు తలుపు గీకింది, కుయ్యోమంది. ఐదో రాత్రి మరీ ఎక్కువ చేసింది, మా ఆయన గొలుసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు కూడా. పట్టించుకోకపోతే మానేముందు ఒకసారి పేట్రేగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. ఏడో రాత్రి పడుకుంది.

ముందు గేటు ఊచలకు అడుగు భాగం మేరకు రేకు కొట్టించాం, దారిన పోయే కాళ్ళు కనబడకుండా. పేపరు అబ్బాయి చేతిలో రెండు బిస్కెట్లు పెట్టి గేటు లోపలికి వేసి పొమ్మన్నాం. పదిరోజుల్లో కాటుక ఆ సైకిల్ కోసం తోక ఊపుతూ కూర్చోవడం మొదలుపెట్టింది. "చాలు" అనే మాట నేర్పాం. రెండుసార్లు మొరగనిస్తాం, అది దాని హక్కు. "చాలు" అని నెమ్మదిగా అని ముక్కు దగ్గర ముక్క చూపిస్తాం. వాసన చూస్తూ మొరగలేదు కదా, మూడు సెకన్లు ఊరుకుంటే ముక్క. మర్నాడు ఐదు సెకన్లు, ఆ తర్వాత పది. అరిచి చెప్పిన "నోరుముయ్" మూడేళ్ళలో చేయలేనిది ఇది మూడు వారాల్లో చేసింది.

సారు పుస్తకం రాయడం ఆపలేదు, నేనే ఆపొద్దన్నాను. ఏప్రిల్ మొదటి వారంలో ఏడు రాత్రుల్లో ఆరు రాత్రులు నమోదయ్యాయి. మే ఆఖరుకు వారానికి ఒకటి. బోనాల వారంలో మళ్ళీ రెండు, డప్పుల రాత్రులు, వాటిని సారే కొట్టేశారు. పగటివి పూర్తిగా పోలేదు. వానపడి మేము ఆలస్యమైన రోజుల్లో ఇప్పటికీ ఉంటాయి. మొరగని కుక్కను నేను తయారుచేశానని చెప్పడం లేదు. అలాంటిది ఉండదు కూడా.

ఇప్పుడు మీ తీర్మానానికి వస్తాను.

మూతి బుట్ట. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పితేనే ఒంట్లో వేడి దిగుతుంది. మన మే నెల పగళ్ళు 40 డిగ్రీలు దాటుతాయి, రాత్రి పదింటికి కూడా సిమెంటు గచ్చు సెగ కక్కుతుంది. మూతి బిగించే పట్టీ కడితే ఆ వేడిలో ప్రాణానికే ముప్పు. రొప్పడానికి వీలుండే జాలీ బుట్ట కడితే మొరగడానికీ వీలుంటుంది. అంటే మీ మొదటి షరతు పాటిస్తే కుక్క చావాలి, లేదా సారు నిద్ర చెడాలి. జాలీ బుట్ట కరవకుండా ఆపడానికి పెట్టినది, మొరుగుడుకు దానితో పనిలేదు.

మూడు ఫిర్యాదులకు బహిష్కారం. జంతు సంక్షేమ బోర్డు 2015లో నివాసుల సంఘాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. సొంత ఇల్లయినా కిరాయి ఇల్లయినా పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం సంఘాలకు లేదని, మెజారిటీ తీర్మానం చేసినా చెల్లదని, మొరుగుతోందన్నది నిషేధానికి కారణం కాదని అందులో ఉంది. అదే కాగితంలో, కుక్కల వల్ల పక్కవాళ్ళకు ఇబ్బంది కలగకుండా, ముఖ్యంగా రాత్రిపూట, చూసుకోవాలని మాలాంటి వాళ్ళకూ చెప్పింది. ఈ రెండో ముక్క మా కుక్కల గ్రూపుల్లో ఎవరూ ఫార్వర్డ్ చేయరు. చట్టం సంగతి పక్కనపెట్టి మన కాలనీ సంగతే చూడండి. మూడు ఫిర్యాదులు ఎవరైనా రాయగలరు. కారు పార్కింగ్ దగ్గర మాటామాటా అనుకున్నవాళ్ళు ఒక్క వారంలో మూడు రాస్తారు. నాలుగో గల్లీలో కిరాయికున్న కుటుంబం మీ నోటీసు పెట్టిన రాత్రే వాళ్ళ కుక్కను బంధువుల ఊరికి పంపేసింది. అది మొరిగేది కాదు. సారు పుస్తకంలో దాని పేరు ఒక్కసారి కూడా లేదు.

నాకు చట్టంలో నచ్చిన చోటు వేరే ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం అన్యాయమైనంత పొట్టి గొలుసుకు, అన్యాయమైనంతసేపు జంతువును కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడమూ నేరమే. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, ఈ రోజుల్లో ఆ డబ్బుకు ఇద్దరికి ఇరానీ చాయ్ వస్తే గొప్ప. జరిమానా వదిలేయండి. సారుకు నిద్ర పట్టనివ్వని గొలుసు, చట్టం తప్పన్న గొలుసు ఒకటే. మీరు ఆ గొలుసు మీద తీర్మానం రాయకుండా కుక్క మూతి మీద రాశారు. గొలుసు మీద రాయండి, నేను రెండు చేతులూ ఎత్తుతాను, ఆ చేతుల్లో మూడేళ్ళు గొలుసు పట్టినదాన్నే అయినా.

"కుక్క పెరట్లో మొరుగుతుంటే దొంగలు రారు కదమ్మా" అని కార్యవర్గంలోనే ఒక పెద్దాయన నాతో అన్నారు. నాన్నా పులి కథ గుర్తుచేసుకోండి. రోజంతా మొరిగే కుక్క మొరిగిందని ఎవరైనా లేచి చూస్తారా? కాటుక ఇప్పుడు రాత్రి ఒక్కసారి మొరిగితే మా ఇంట్లో లైటు వెలుగుతుంది, ఎందుకంటే అది అరుదు. మొన్న ఆషాఢంలో అలా లేచి చూస్తే సంపు మూత పక్కకు జరిగి ఉంది, కోతి పని.

ఇంకో భయం కూడా ఈ తీర్మానం వెనక ఉందని నాకు తెలుసు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ళ పసివాణ్ణి చంపిన దగ్గర నుంచి, ఈ నగరంలో ఏ కుక్క గొంతు విన్నా తల్లులకు ఆ దృశ్యమే గుర్తొస్తోంది. మొరిగే కుక్క కరవదులే అని నేను వాళ్ళకు సామెత చెప్పబోను, కరిచే కుక్కలూ మొరుగుతాయి. కానీ రాత్రి 11కి కొట్లాడే ఆ వీధికుక్కల గురించి మీ నోటీసులో ఒక్క వాక్యం లేదు. అక్కడ వ్యర్థాలు కుమ్మరించే దుకాణానికి సంఘం ఒక్క ఉత్తరం రాయలేదు. వాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు చేయించమని కార్పొరేషన్‌కు కూడా మనం అడగలేదు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కలకు తిండి పెట్టే చోటు పిల్లలు ఆడే జాగాకు, రాకపోకల దారులకు దూరంగా చూపించే బాధ్యత కాలనీ సంఘాల మీదే పెట్టాయి. మనవాళ్ళు అన్నం పెడుతున్నది ఎక్కడ? పార్కు గేటు ముందర.

ఇవన్నీ చెప్పి నా తప్పు చిన్నది చేసుకోవాలని కాదు. ఫంక్షన్ హాలు డీజేను ఆపలేరు గానీ మా కుక్క మీద పడ్డారా అని ఒకరు వాట్సాప్‌లో రాశారు, నా తరఫున. వద్దండీ. డీజే కూడా మోగితే సారు ఒకసారి దానికి, ఒకసారి మా కుక్కకు, రెండుసార్లు మేల్కొంటారు, అంతే.

నేను అడిగేది ఇది. తీర్మానాన్ని వాపసు తీసుకుని తిరగరాయండి. రాత్రి 10 నుంచి 6 దాకా పెంపుడు కుక్కలు తలుపు లోపల ఉండాలని రాయండి, గది కావచ్చు, వరండా కావచ్చు, మూసిన తలుపు ఉండాలి. పెరట్లో, డాబా మీద కట్టేసి ఉంచడం కుదరదని రాయండి. ఎండాకాలం డాబా మీద ట్యాంకు నీడన కట్టేసిన మంచుదేశపు హస్కీ కుక్కను నేను మా మేడ మీంచి చూస్తుంటాను, ఆ ఇంటివాళ్ళు ఈ ఉత్తరం చదువుతారనే ఆశ. కార్పొరేషన్ లైసెన్సు, రేబిస్ టీకా కాగితం అందరి దగ్గరా ఉన్నాయో లేదో అడగండి, నాది చూపిస్తాను. ఫిర్యాదు ఉన్నవాళ్ళు వారం రోజుల టైములు రాసి ఇవ్వాలని పెట్టండి. "రాత్రంతా మొరిగింది" అన్న మాటతో ఏ కుక్కా బాగుపడదు, "4:40" అన్న అంకెతో మాది బాగుపడింది. ఆ కాగితం అందాక కుక్క ఇంటివాళ్ళకు ఆరువారాలు ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే నిర్లక్ష్యం కుక్కది కాదని తేలుతుంది, అప్పుడు ఆ ఇంటి మీద న్యూసెన్స్ కేసు పెట్టడానికి సంఘమే సారు వెంట పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాలి. నేనూ వస్తాను.

ఇంకొకటి, పార్కులో వెనక మూల ఎండిపోయిన బ్యాడ్మింటన్ కోర్టు ఉంది. పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా దాని గేటు మూసి కుక్కలను గొలుసు లేకుండా వదిలే వీలు కల్పించండి. 2018లో కొండాపూర్‌లో కార్పొరేషన్ కుక్కల కోసమే పార్కు కట్టింది, బాగుందట. వనస్థలిపురం నుంచి పోయి రావాలంటే కుక్క కంటే ముందు నేను మొరుగుతాను.

సమావేశానికి సారు రాలేరు, మెట్లెక్కి హాలు దాకా రావడం డాక్టరు వద్దన్నారు. నోటుబుక్కు నాకు ఇచ్చి పంపుతున్నారు. ఎవరికి కావాలన్నా చూపిస్తాను, మొదటి పేజీ నుంచి. కానీ అయిపోగానే జాగ్రత్తగా వాపసు తెచ్చివ్వమన్నారు, ఇంకా పేజీలు మిగిలున్నాయట. మొన్న బుధవారం 2:15కి మొదలై 2:19కి ఆగిన ఒకటి కొత్తగా రాశారు, పక్కన 'బొంగురు' అని, దాని పక్కన బ్రాకెట్లో 'పిల్లి' అని కూడా.

ఇట్లు,
మూడో గల్లీ, కరివేపాకు చెట్టు ఇల్లు,
కాటుక ఇంటామె